శరీరదాన కథలు – అవయవ విక్రయము

అవయవదానమును గూర్చి తెలుగువారి సభ ఎచ్చట జరిగినను శిబి, దధీచి, కర్ణుడు అను మూడు పేర్లు వినబడక మానవు. ఆసుపత్రుల గోడపత్రికలలోను, పాఠశాలల వక్తృత్వపు పోటీలలోను, నాయకుల ఉపన్యాసములలోను ఈ మువ్వురే ప్రమాణముగా నిలుచుచున్నారు. మృతుల నేత్రములను, ఆప్తుల మూత్రపిండములను దానము చేయు సత్కార్యమునకు ఈ పేర్లు శోభ గూర్చుననుటలో సందేహము లేదు. కాని ఆ దానమను మాటనే అడ్డు పెట్టుకొని గడచిన 40 సంవత్సరములుగా దక్షిణదేశమున మఱియొక వ్యవహారము సాగుచున్నది. పేదవాని మూత్రపిండము వెలకు కొనబడుచున్నది. అమ్మినవాడు దాతయనియు, కొన్నవాడు గ్రహీతయనియు కాగితములపై వ్రాయబడుచున్నది. మన కావ్యములలోని శరీరదాన కథలు ఈ వ్యవహారమునకు చెల్లునా, చెల్లనిచో దీనికి తగిన కథ మన వాఙ్మయమున ఏది అనునది పరిశీలింపదగిన విషయము.

మొదట శిబి. మహాభారత అరణ్యపర్వమున చెప్పబడిన డేగ పావురముల కథలో రాజు తన మాంసమును కోసి త్రాసులో వేయును. త్రాసు ఉన్నది గనుక ఇది పైకి క్రయవిక్రయము వలె కనబడును. పరిశీలించినచో ఇది ఒక ధర్మసంకటమునకు రాజు చెప్పిన తీర్పు. శరణు జొచ్చిన పావురమును కాపాడుట ధర్మము. ఆకలిగొన్న డేగ నోటి ఆహారమును తప్పింపకుండుటయు ధర్మమే. ఈ రెంటి నడుమ రాజు తన దేహమును పెట్టెను. అనగా బలవంతుడు బలహీనునికై తన్ను కోసికొనెను. నేటి వ్యాపారములో త్రాసు తలక్రిందులైనది. బలహీనుని దేహము కోయబడి కలవాని పళ్ళెములో పడుచున్నది. మూత్రపిండమును కొని శిబిని స్తుతించువాని స్థానము ఆ కథలో డేగది. డేగ ఆకలియు నిజమైన ఆకలియే గనుక అతనిని నిందించుటకు తొందరపడరాదు. ఆ సంగతి ముందు వచ్చును.

దధీచి కథ వేఱు. భాగవత షష్ఠస్కంధమును తెనిగించిన ఏర్చూరి సింగన రచనలో తెలుగువారు దీనిని చదువుకొన్నారు. దేవతలు యాచించిరి, ముని యోగమున దేహము విడిచెను, తరువాతనే ఎముకలు వజ్రాయుధమునకు ఉపయోగపడెను. ఇది మరణానంతరదానము. కర్ణాటకమున జీవసార్థకతే, తెలుగు రాష్ట్రములలో జీవన్‌దాన్ అను సంస్థలు నడుపుచున్న పనికి దధీచి పేరు అన్నివిధముల తగియున్నది. 2021 అక్టోబరులో కన్నడ నటుడు పునీత్ రాజ్‌కుమార్ మరణించినపుడు ఆయన నేత్రములు దానము చేయబడగా కర్ణాటకమంతట నేత్రదాన ప్రతిజ్ఞలు వెల్లువెత్తినవి. అచ్చట వెల లేదు, మధ్యవర్తి లేడు, కుటుంబము యొక్క సమ్మతి ఉన్నది.

కర్ణుని విషయమున కొంత చిక్కు కలదు. సూర్యుడు ముందే హెచ్చరించెను. కర్ణుడు ఊరక ఇయ్యక ఇంద్రుని శక్త్యాయుధమును కోరి పుచ్చుకొనెను. కవచము ఒలిచిన దేహము వికృతము కాకుండవలెనని వరమును పొందెను. కావున ఇది కేవలదానము కాదు, మారకము. తెలుగు పత్రికలు ట్రాన్స్‌ప్లాంటేషనుకు “అవయవ మార్పిడి” అను మాటను వాడుకలోనికి తెచ్చినవి. ఎవరు మొదట వాడిరో గాని, ఆ మాటలో దానపు వాసన లేదు, సంతబేరపు వాసన ఉన్నది. నేటి అమ్మకపు కథలలో కర్ణుని గాయము మానినట్లు విక్రేత ప్రక్కలోని కోతమచ్చ మాయదు. అదియొక్కటే పెద్ద భేదము.

ఈ కథలన్నిటిలోను వైద్యుని పనికి మిక్కిలి దగ్గరగా వచ్చునది ధూర్జటి శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యములోని తిన్నని కథ. కన్ను తీయుట, ఒకరిది మఱియొకరికి అమర్చుట, రెండవ కంటి స్థానము తెలియుటకై పాదమును గుర్తుగా ఉంచుట, ఇవన్నియు బోయవాని చేతిపని వలె చెప్పబడినవి. భక్తిని గూర్చి ఈ కథపై వ్రాసినవారు పెక్కుమంది. గ్రహీత ఏమి చేసెనను దానిపై చూపు నిలిపినవారు తక్కువ. తిన్నడు రెండవ కన్ను పెకలింపబోగా శివుడు వారించెను. ఇచ్చువానికి తొందర, పుచ్చుకొనువానికి సంకోచము. నిజమైన దానమునకు ఇంతకంటె మంచి ఆనవాలు దొరకదు. తల్లి కుమారునికి మూత్రపిండము ఇచ్చు ఇండ్లలో జరుగునది ఇదియే: కుమారుడు వలదనును, తల్లి పట్టుపట్టును. వెలకు కొనునపుడు తొందర కొనువానిది, సంకోచము అమ్మువానిది.

శ్రీనాథుని హరవిలాసమునందలి సిరియాళుని కథను ఈ వరుసలో చేర్చువారును కలరు. అది చేర్పదగినది కాదు. అతిథి కోరెను, తలిదండ్రులు ఇచ్చిరి. ఇయ్యబడినది మాత్రము బిడ్డ శరీరము. భక్తికథగా దాని గౌరవము దానికి ఉండుగాక. దానమునకు ఉదాహరణముగా చెప్పినపుడు, పరుని దేహమును ఇచ్చు అధికారము ఎవరికి కలదను ప్రశ్నకు సమాధానము చెప్పవలసివచ్చును. 1995లో బెంగుళూరులో బయటపడిన ఉదంతములో, పని చూపింతుమని పిలిచి తెచ్చిన కూలీల మూత్రపిండములు వారికి తెలియకయే తీయబడినవను ఆరోపణ దేశమంతట కలకలము రేపినది. ఆ కూలీలలో శిబి ఎవడును లేడు.

వ్యాపారము ఎట్లు పుట్టెనో కొంత తెలిసికొనుట అవసరము. 1954 డిసెంబరులో బోస్టనులో మొదటిసారి ఫలించిన మూత్రపిండ చికిత్స కవలసోదరుల నడుమ జరిగినది. మన దేశమున 1971లో వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలలో ఆ చికిత్స విజయవంతమైనది. అప్పటికి రక్తసంబంధము లేనివాని అవయవమును శరీరము సాధారణముగా త్రోసిపుచ్చెడిది. 1980 తరువాత సైక్లోస్పోరిన్ అను మందు వచ్చి ఆ అడ్డు తొలగెను. అంతవరకు రక్తసంబంధము అవసరమైనచోట ఇక డబ్బుసంబంధము చాలినది. గల్ఫు దేశములనుండి రోగులు బొంబాయికి వచ్చి మూత్రపిండములు కొనిపోయిరి. అట్లు కొన్న 130 మందిని గూర్చి 1990లో లాన్సెట్ వైద్యపత్రికలో వెలువడిన పరిశీలనలో మొదటి సంవత్సరములోనే పలువురు మరణించినట్లును, కొందరికి హెచ్.ఐ.వి. సోకినట్లును తేలినది. కొన్నవానికిని మేలు నిశ్చయము కాలేదు.

1994 నాటి కేంద్రశాసనము విక్రయమును నేరముగా ప్రకటించెను. కర్ణాటకము దానిని స్వీకరించెను. నాటి ఆంధ్రప్రదేశ్ 1995లో స్వంతశాసనమును చేసికొనెను. సమీప బంధువు కానివారు సైతము గ్రహీతయందలి ప్రేమానుబంధముచేత ఇయ్యవచ్చుననియు, అందుకు అనుమతి సమితి ఒప్పుకొనవలెననియు 9వ విభాగములో ఒక వెసులుబాటు కలదు. నిజమైన స్నేహితునికై తెరచిన ఆ వాకిటినుండియే దళారి లోనికి వచ్చెను. ముఖపరిచయమైనను లేని ఇరువురు ప్రాణమిత్రులమని ప్రమాణపత్రము వ్రాయుదురు. ప్రేమయను మాటకు ఇంత అపచారము ఏ ప్రబంధకవియు చేయలేదు.

2000 ప్రాంతమున గుంటూరు జిల్లా రెంటచింతల ప్రాంతపు ప్రత్తిరైతులు అప్పులు తీర్చుటకై మూత్రపిండములు అమ్ముకొన్న సంగతి బయటపడెను. 2016 ఆరంభమున నల్లగొండ పోలీసులు పట్టుకొన్న వ్యవహారములో అమ్మువారిని కొలంబోకు పంపి అచ్చట కోత జరిపించిరి. ఆ జనవరిలోనే శ్రీలంక విదేశీయులకు ఈ చికిత్సను నిలిపివేసెను. 2024లో కేరళమున బయటపడిన కేసులో దారి ఇరాను వఱకు పోయినది. 2025 జనవరిలో హైదరాబాదు సరూర్‌నగరులోని ఒక ప్రైవేటు ఆసుపత్రిపై అధికారులు దాడి చేయగా అమ్మినవారు తమిళదేశపు స్త్రీలనియు, కొన్నవారు కర్ణాటకవాసులనియు తెలిసినది. ఆ నవంబరులోనే మదనపల్లెలో మూత్రపిండము తీయించుకొన్న విశాఖ ప్రాంతపు స్త్రీ ఒకతె మరణించెను. ఈ వార్తలన్నిటిలోను పత్రికలు ఆ స్త్రీపురుషులను “దాతలు” అనియే వ్రాసినవి.

2008లో ఇస్తాంబులులో ఏప్రిల్ 30 నుండి మే 2 వఱకు సమావేశమైన వైద్యులు, ధర్మశాస్త్రవేత్తలు ఒక ప్రకటన చేసిరి. చికిత్సకై పరదేశమునకు పోవుట వేఱు, వెలకు అవయవము దొరకునని పోవుట వేఱు అని అందు విభజించిరి. ఆ రెండవదానికే “ట్రాన్స్‌ప్లాంట్ టూరిజం” అను పేరు. పరదేశి రోగులకై వెచ్చించు సాధనములవలన స్వదేశి రోగులకు లోటు కలుగుటయు అందులో చేరిన దోషమే. మన శాసనమునకు 2011లో చేసిన సవరణ ప్రకారము గ్రహీత విదేశీయుడు, ఇచ్చువాడు భారతీయుడు అయినచో వారు సమీప బంధువులు కానిదే సమితి అనుమతి ఇయ్యరాదు. తెలుగులో దీనిని “పర్యాటకము” అని అనువదించుట విచారకరము. పర్యాటకుడు చూచి పోవును. ఈతడు తీసికొని పోవును.

ఇక తగిన కథ ఏది? అది తెలుగుపల్లెలలో అందరికిని కంఠస్థమైన హరిశ్చంద్రుని కథ. పావగడ తాలూకాను చూచినచో ఈ మాట స్పష్టపడును. తాలూకా తుమకూరు జిల్లాలోనిది. దాదాపు చుట్టును ఆంధ్రదేశపు గ్రామములే. ఇంట తెలుగు, కచేరిలో కన్నడము. వానపై ఆధారపడిన వేరుసెనగ, ఎండిన బోరుబావులు, బెంగుళూరు వలసలు అచ్చటి జీవనము. 2002 నాటి నంజుండప్ప సమితి కర్ణాటకపు 114 వెనుకబడిన తాలూకాలలో దీనిని చేర్చెను. ఆ సీమ గ్రామములలో పౌరాణిక నాటకములు నేటికిని తెలుగులోనే ఆడుదురు. బలిజేపల్లి లక్ష్మీకాంతకవి 1912లో రచించిన సత్యహరిశ్చంద్రీయములోని కాటిసీను పద్యములు ఎత్తినచో తెల్లవారువఱకు జనము కదలరు. పాఠశాలలో కన్నడము చదువు పిల్లలకు రాఘవాంకుని పేరును, ఇంట తెలుగు వినువారికి ఈ నాటకమును ఒకే కథను రెండు వైపులనుండి అందించుచున్నవి.

మార్కండేయపురాణ కథలో విశ్వామిత్రుడే స్వయముగా వచ్చి ఋణమునకై పీడించును. రాఘవాంకుని కన్నడ కావ్యమునను, గౌరన ద్విపద హరిశ్చంద్రోపాఖ్యానమునను నక్షత్రకుడను వసూలుదారు ఋణగ్రస్తుని వెంట నడచును. అప్పుల కథలో అప్పిచ్చినవానికంటె వెంటబడువాని పాత్ర ముఖ్యమని ఈ దేశపు కవులు కనిపెట్టిరి. తెలుగున విడువక వేధించువానికి “నక్షత్రకుడు” అనునది జాతీయముగానే స్థిరపడినది. తెలుగు రంగస్థలమున నక్షత్రకుడు గురువు ధనముతో తృప్తి పడడు. తాను వెంట తిరిగిన ప్రయాసకు కూలి కూడ ఆ ఋణగ్రస్తుడే ఇయ్యవలెననును. మూత్రపిండపు దళారి చేయు లెక్కయు సరిగా ఇట్టిదే. విక్రేతకు చెప్పిన వెలలో ప్రయాణము, పరీక్షలు, కాగితములు, దళారి భాగము అన్నియు తరుగగా మిగిలినది అతని చేతికి వచ్చును.

చంద్రమతి విషయము ఇంకను గమనింపదగినది. కాశీనగరమున మొదట అమ్ముడుపోయినది ఆమె. అమ్ముమని చెప్పినదియు ఆమెయే. ఇది పాతివ్రత్యముగా కీర్తింపబడినది. 2001లో చెన్నైలో మూత్రపిండములు అమ్ముకొన్న 305 మందిని పరిశీలించి మాధవ గోయల్ మొదలైన వైద్యులు 2002లో అమెరికా వైద్యసంఘ పత్రికలో ఫలితములను ప్రకటించిరి. వారిలో 71 శాతము స్త్రీలు. 96 శాతము అప్పు తీర్చుటకే అమ్మిరి. ఒక్కొక్కరికి సగటున ముట్టినది 1,070 డాలర్లు, చెప్పిన వెలకంటె తక్కువ. అమ్మిన తరువాత కుటుంబాదాయము సగటున మూడవవంతు తగ్గెను. 86 శాతము ఆరోగ్యము క్షీణించినదనిరి. నాల్గింట మూడు వంతులమంది అప్పటికిని అప్పులలోనే ఉండిరి. పురాణమున కథాంతమున దేవతలు దిగివచ్చి లోహితాస్యుని బ్రదికించిరి, రాజ్యమును తిరిగి యిచ్చిరి. చెన్నై పట్టికలో ఆ చివరి అంకము లేదు.

“తల తాకట్టు పెట్టియైనను తీర్చెదను” అనుట తెలుగువాని వాడుకమాట. అది మాటవరుసకు చెప్పునదిగా ఇంతకాలము ఉండినది. అమెరికా మానవశాస్త్రజ్ఞుడు లారెన్స్ కోహెన్ 1990ల చివర మద్రాసు పేటలలో తిరిగి ఒక విషయమును గుర్తించెను: మూత్రపిండము అమ్ముడుపోవునని తెలిసిన ప్రాంతములలో అప్పులవారి ఒత్తిడి హెచ్చును. శరీరములోని అవయవము తాకట్టు వస్తువుగా లెక్కలోనికి వచ్చుననుట. విక్రయమును నేరముగా చూడక ప్రభుత్వమే వెల నిర్ణయించి నడుపవలెనని వాదించు పండితులు పశ్చిమదేశములలో కలరు. ఇరాను 1988 నుండి అట్టి పద్ధతిని నడపినది. గనిలో ప్రాణాపాయమునకు ఒడ్డి కూలి తెచ్చుకొను స్వేచ్ఛ ఉన్న పేదకు ఇది ఏల లేదని వారి ప్రశ్న. ప్రశ్న త్రోసివేయదగినది కాదు. కాని కోహెన్ పరిశీలనలోనే దానికి సమాధానము ఉన్నది. ఒకడు అమ్ముకొనుటకు స్వేచ్ఛ పొందినపుడు, అమ్ముకొనకుండుటకు పొరుగువానికిగల స్వేచ్ఛ తగ్గును. అమ్మక మిగిలినవానిని అప్పులవాడు “నీకింకను రెండున్నవి గదా” అనును.

పావగడయందే ఒక పోలిక దొరకును. తిరుమణి ప్రాంతమున సుమారు 13,000 ఎకరములలో నెలకొన్న సౌరవిద్యుత్ క్షేత్రమునకు రైతులు భూమిని అమ్మలేదు. ఎకరమునకు ఏటేట 21,000 రూపాయలను మొదటి కవులుగా నిర్ణయించుకొని ఇచ్చిరి. ఆ ఒప్పందముపై రైతులకు, కూలీలకు ఫిర్యాదులు లేకపోలేదు. అయినను గడువు తీరిన పిదప భూమి భూమిగానే మిగులును, నడుమ ఏటేట కవులు ముట్టును. దేహమునకు కవులు లేదు.

డేగ ఆకలి సంగతి చెప్పవలసియున్నది. మూత్రపిండములు చెడినవాడు వారమునకు రెండు మూడు మారులు డయాలిసిస్ యంత్రమునకు కట్టుబడి, సంపాదన పోగొట్టుకొని, ఇల్లు అమ్ముకొని, చావును దూరముగా నెట్టుచు బ్రదుకును. మృతుల అవయవములకై పేరు వ్రాయించుకొని ఏండ్ల తరబడి ఎదురుచూచును. అట్టివాడు దళారి మాట విన్నచో అతనిని విశ్వామిత్రునిగా చిత్రించుట అన్యాయము. ఈ వ్యవహారమున అతడును ఒక ఋణగ్రస్తుడే. అతని వెంటను ఒక నక్షత్రకుడు నడచుచున్నాడు. ఇరువురు నక్షత్రకులును ఒకే మనుష్యుడగుట ఈ వ్యాపారపు విశేషము.

శాసనము ఈ మనుష్యుని పట్టుకొనుటకు ఒక అడ్డంకిని తానే కల్పించుకొన్నది. 19వ విభాగము ధనము ఇచ్చినవానిని, పుచ్చుకొన్నవానిని సమముగా నేరస్థులను చేయును. 2011 సవరణ తరువాత శిక్ష 5 నుండి 10 సంవత్సరములు. జరిమానా 20 లక్షలనుండి కోటి రూపాయల వఱకు. సగము వెలయే ముట్టి మోసపోయిన విక్రేత ఠాణాకు పోయినచో తన నేరమును తానే ఒప్పుకొనవలెను. ఆ భయమే దళారికి కవచము. హరిశ్చంద్రుని కథను చెప్పిన కవి యెవడును అమ్ముడుపోయినవారిపై పాపమును మోపలేదు. ఈ విషయమున కవులు శాసనకర్తలకంటె మంచి న్యాయవేత్తలు. కర్ణాటక ప్రభుత్వము 2025 ఫిబ్రవరిలో సూక్ష్మఋణముల వసూలులో దౌర్జన్యమును నిషేధించుచు ఆర్డినెన్సును, పిదప శాసనమును తెచ్చెను. ఆంధ్రప్రదేశ్ 2010లోనే అట్టి ఆర్డినెన్సును తెచ్చియుండెను. ఇవి అవయవములను గూర్చిన శాసనములు కావు. అయినను మూత్రపిండములను కాపాడుటలో 1994 శాసనముకంటె ఇవియే రోగమూలమునకు దగ్గరగా ఉన్నవి.

చివరకు భాషను గూర్చి ఒక మాట. పావగడవంటి సీమనుండి బెంగుళూరు పోయిన కూలి అనుమతి సమితి యెదుట నిలుచునపుడు ప్రమాణపత్రము ఆంగ్లములో ఉండును, ప్రశ్నలు కన్నడములో వచ్చును, అతని దుఃఖము తెలుగులో ఉండును. నడుమ దుబాసిగా నిలుచువాడు సాధారణముగా అతనిని తెచ్చినవాడే. 2014 నాటి నియమములు ఈ సంభాషణమును దృశ్యముద్రణము చేయవలెనని చెప్పుచున్నవి. ముద్రింపబడునది దుబాసి మాట అయినచో ఆ ముద్రణమువలన ప్రయోజనము స్వల్పము. వెంట వచ్చినవారిని బయటికి పంపి, సమితి తరపున తెలుగు వచ్చిన ఒకరు ఆ మనుష్యునితో ఏకాంతముగా మాటాడవలెను. గ్రహీత నీకు ఏమగునని అడుగుటకు ముందు, ఎవరికి ఎంత బాకీ యున్నావని అడుగవలెను.